మేడమ్ కోర్వేన్ చావు

మేడమ్ కోర్వేన్‌ని చంపెయ్యాలన్న సంగతి ఆంబ్రోస్ ఒక మంగళవారం పొద్దున, ఉడికిన గుడ్డు నెత్తిన చెంచాతో కొడుతూ చెప్పాడు.

"డిసెంబరు సంచికతో సరి. టెట్లో తేల్చేశాడు. బొమ్మ కూడా వచ్చేసింది, అదిగో ఆ కవర్లో ఉంది చూడు." పెంకు వలిచి లోపలికి చూసి, "గుడ్డు ఇవాళ కాస్త గట్టిపడింది హెస్టర్," అన్నాడు.

హెస్టర్ చేతులు మసిగా ఉన్నాయి. వంటింటి పొయ్యికి నల్లరంగు పూసి రుద్దే రోజు అది. పనిమనిషిని జూన్‌లోనే మాన్పించేశారు. 'ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం ఉండగా మూడో ఆడది దేనికి?' అన్నారు అత్తగారు. ఆ ఇద్దరిలో ఒకరు మేడమీద గదిలో కాళ్లమీద దుప్పటి కప్పుకుని కూర్చుని, టీ కావలసినప్పుడల్లా చేతికర్రతో నేలమీద కొడతారు. అంటే చెప్పుకోవడానికి ఇద్దరు, చేసుకోవడానికి ఒకరు. లండన్‌లో, కెన్నింగ్టన్ వీధిలో ఆ వరసన ఉన్న ఇళ్లన్నిటి సంగతీ ఇంచుమించు అంతే.

చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని హెస్టర్ కవరు విప్పింది. పాత లైట్‌హౌసు లోపల ఇనుప మెట్ల కింద ఒక స్త్రీ పడి ఉంది. జుట్టు విడిపోయి రాతినేల మీద పరుచుకుంది. ఒక చెయ్యి ఆఖరి మెట్టుని అందుకోబోతున్నట్టు చాచి ఉంది. పక్కన డిటెక్టివ్ గారడ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ చిత్రకారుడు మేడమ్ కోర్వేన్‌కి గుప్పిట్లో పట్టే నడుము వేస్తాడు. చచ్చి పడున్నా నడుము చెక్కు చెదరలేదు.

'టెట్లోస్ మంత్లీ'లో బొమ్మ ముందు, కథ తర్వాత. బొమ్మని అచ్చుదిమ్మగా చెక్కడానికి వారాలు పడుతుంది కాబట్టి సంపాదకుడు టెట్లో, చిత్రకారుడు కూర్చుని బొమ్మ తేల్చేస్తారు. రాసేవాళ్లు ఆ తర్వాత కథని, ఆవుని గుంజ దగ్గరికి లాక్కొచ్చినట్టు, ఆ బొమ్మ దగ్గరికి లాక్కురావాలి. పదకొండు నెలల్లో పదకొండు బొమ్మలకి హెస్టర్ అలాగే లాక్కొచ్చింది. ఎప్పుడూ కష్టమనిపించలేదు.

"చంపక్కర్లేదేమో," అంది. "చదివేవాళ్లకి ఆవిడంటే ఇష్టం."

"అందుకే చంపాలి. దుర్మార్గురాలు గెలిచిందంటే ఫాదరీలు పత్రిక ఇంట్లోకి రానివ్వరు. మగ దొంగ అయితే జైల్లో వేసి, మళ్లీ కావలిస్తే బయటికి తెచ్చుకోవచ్చు. ఆడదాన్ని జైల్లో వేస్తే పాఠకులకి జాలేస్తుందిట. దానికి చావే మర్యాద అన్నాడు టెట్లో. నాకూ నిజమే అనిపించింది." నోరు తుడుచుకుని లేచాడు. "ఇరవయ్యో తారీకు లోపల అయిపోవాలి. నా గొడుగు ఎక్కడుంది?"

గొడుగు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. హెస్టర్ తెచ్చి ఇచ్చింది.

ఆ కథలు రాసేది హెస్టర్. ఆ మాట చెప్పడానికి ఇంతసేపు పట్టిందంటే తప్పు చెప్పేవాళ్లది కాదు. ఆ ఇంట్లో ఆ మాట అసలు చెప్పుకోవడమే మానేశారు. నాలుగేళ్ల కిందట ఆమె మొట్టమొదటి కథ తన పేరుతోనే పంపింది. వారానికల్లా తిరిగొచ్చింది. 'మర్యాదస్తురాలైన స్త్రీకి విషాల గురించి ఇంత తెలియడం మా పాఠకులకి రుచించదు. మీరు పూలతోటల గురించి ప్రయత్నించండి' అని టెట్లో స్వయంగా రాశాడు. ఆంబ్రోస్ ఆ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాడు. అతను సదర్క్‌లో మందులు టోకున అమ్మే కంపెనీలో గుమాస్తా. 'ఉండు, తమాషా చూద్దాం' అని ఆ కథనే తన చేతిరాతతో ఎత్తి రాసి, తన పేరు పెట్టి, కంపెనీ కాగితం మీద ఉత్తరం జతచేసి పంపాడు. అదే టెట్లో అదే కథలో 'శాస్త్రం తెలిసిన పురుషుడి నిబ్బరం' ఉందని మెచ్చుకుని వేసుకున్నాడు. మొదటి నెల ఆంబ్రోస్ అందులోని తమాషాకి మురిసిపోయాడు. మూడు నెలలకి 'మన కథ' అన్నాడు. ఏడాది తిరిగేసరికి 'నా కథ' అన్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు.

అతని వాటా లేకపోలేదు. ఎవరు ఏ మందుతో చావాలో, ఆ మందు పేరు చెప్పేవాడు. 'శాస్త్రం నాది, కబుర్లు నీవి' అనేవాడు. శాస్త్రం ఒక మాట, కబుర్లు ఎనిమిది వేల మాటలు. అయితే ఆ ఎనిమిది వేల మాటలూ నెలనెలా అతని చేతిరాతలో పంపాలి కదా, టెట్లో ఎరిగిన రాత అదే. రెండు కథలు ఎత్తి రాసేసరికి ఆంబ్రోస్‌కి మణికట్టు నొప్పి వచ్చింది. ఆ చలికాలమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, ముప్ఫై ఒకటో ఏట, పెళ్లానికి రెండోసారి అక్షరాలు దిద్దించాడు. 'అంత గుండ్రంగా కాదు హెస్టర్, మగాడి రాత పక్కకి వాలాలి. ఆ చివరి అక్షరానికి తోక లాగు. ఇంకా లాగు. భయపడతావేం?' వసంతం వచ్చేసరికి ఏది అతని రాతో ఏది ఆమె రాతో అతనే చెప్పలేకపోయాడు. అప్పటినుంచి కథలే కాదు, టెట్లోకి ఉత్తరాలు, బంధువులకి క్రిస్మస్ శుభాకాంక్షలు, చివరికి కథ కింద సంతకం కూడా ఆమే పెట్టేది.

'మావాడి బుర్రలో ఇన్ని విషాలు ఎక్కడ దాక్కున్నాయో! చిన్నప్పుడు చీమని కూడా తొక్కేవాడు కాదు' అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవారు. హెస్టర్ వైపు తిరిగి, 'నీ అదృష్టం అమ్మాయ్. అంత తెలివైనవాడు నీలాంటి అమాయకురాలితో సర్దుకుపోతున్నాడు' అనేవారు. ఆవిడ చెడ్డావిడ అని కాదు. ఆవిడకి నిజంగా తెలియదు. కొడుకు చెప్పలేదు, కోడలు చెప్పడానికి వీల్లేదు.

మేడమ్ కోర్వేన్ ఒక ఆదివారం మధ్యాహ్నం పుట్టింది. ఆంబ్రోస్ కంపెనీ స్నేహితుణ్ణి భోజనానికి పిలిచాడు. ఆ వచ్చినాయన మర్యాదకి, 'మీ ఆవిడ ఏమీ మాట్లాడరేం?' అన్నాడు. 'మాట్లాడటానికి దాని దగ్గర ఏముందని?' అన్నాడు ఆంబ్రోస్. ముగ్గురూ నవ్వారు, అత్తగారితో కలిపి. హెస్టర్ కూడా నవ్వి, మటన్ పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. పళ్లెం తొట్టిలో పెడుతుండగా ఆమె లోపల ఎవరో, ఏ తొందరా లేకుండా, 'ఈ ముగ్గురిలో ముందు ఎవరు?' అని అడిగారు. హెస్టర్ ఉలిక్కిపడి వెనక్కి చూసింది. ఎవరూ లేరు. ఆ గొంతు ఆమెకి చాలా నచ్చింది. అందులో కోపం లేదు, ఏడుపు లేదు, వినేవాళ్లు ఏమనుకుంటారో అన్న బెదురు లేదు. అప్పటినుంచి కుండలు తోముతున్నా, ఆంబ్రోస్ చొక్కాకి విడిగా తగిలించుకునే కాలర్లకి గంజి పెడుతున్నా ఆ గొంతు పలికేది. కథల్లో మేడమ్ ఇద్దరు ప్రభువులకి విషం పెట్టింది, నౌకాదళం పటాలు అమ్మింది, ఒక బ్యాంకుని ముంచింది. అవన్నీ పాఠకుల కోసం. హెస్టర్‌కి కావలసినవి వేరే. మేడమ్ దగ్గర సొంత తాళంచెవి ఉంది. ఎక్కడికి వెళ్తున్నావని ఆమెని ఎవరూ అడగరు. ఆమె గదిలోకి వస్తే మగవాళ్లు మాట ఆపుతారు. కత్తెర ఎక్కడుందని గానీ, గొడుగు ఎక్కడుందని గానీ ఎవరూ ఆమెని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ రోజుల్లో లండన్ పత్రికల నిండా దుర్మార్గురాళ్లే. ఒకావిడ అందంగా చేస్తానని చెప్పి షాపు పెట్టి రహస్యాలు లాగుతుంది. ఇంకొకావిడ రహస్య సంఘాన్ని నడుపుతుంది. మరొకావిడ ముగ్గురు మొగుళ్లని పాతిపెట్టి నాలుగోవాడి కోసం చూస్తూ ఉంటుంది. బంగాళాదుంపలు ఉడికేలోగా హెస్టర్ నిలబడే అవన్నీ చదివేసేది. అందరూ అందగత్తెలే, అందరికీ మగాడి తెలివే అని రాస్తారు, అదేదో అరువు తెచ్చుకున్నట్టు. పన్నెండో సంచికకి ఒకావిడ తన ఉంగరంలోని విషం తానే మింగుతుంది. ఒకావిడ కొండమీంచి జారుతుంది. ఒకావిడకి మతి పోతుంది, ఒకావిడ రైలు కింద పడుతుంది. ఆ పుస్తకాలన్నిటిలో ఒక్క దుర్మార్గురాలికి కూడా జుట్టు నెరవలేదు. మేడమ్ కోర్వేన్‌కి జుట్టు నెరవాలి. హెస్టర్ కోరుకున్నది అంతకన్నా ఏమీ లేదు. ఎక్కడో ఒక సముద్రపు ఒడ్డు ఊళ్లో, ఎవరికీ పట్టుబడకుండా, పశ్చాత్తాపపడకుండా, ఆ ఆడది ముసలిదైపోవాలి.

పాఠకుల ఉత్తరాలు ఆంబ్రోస్ ఇంటిపేరున, 'మిస్టర్ విట్‌లాక్' అని వచ్చేవి. వాటికి జవాబులు రాసేది కూడా హెస్టరే. అక్టోబరులో ప్రెస్టన్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసిన ఆవిడ ఒక గొప్పింట్లో ముసలావిడకి తోడుగా ఉండే మనిషి. 'అయ్యా, మేడమ్‌ని చంపుతారని మా ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. దయచేసి చంపకండి. నేను చదివిన కథలన్నిటిలో టీ వేడిగా ఉండగా తాగిన ఆడది ఆవిడ ఒక్కతే.' ఆ ఒక్క ఉత్తరానికి హెస్టర్ జవాబు రాయలేకపోయింది. ఆంబ్రోస్ పేరుతో ఏం రాసినా ఆ మనిషిని మోసం చేసినట్టే అనిపించింది.

అందుకని బొమ్మని ఎదురుగా పెట్టుకుని వారం రోజులు ఆలోచించింది. బొమ్మలో అబద్ధం ఏమీ లేదు. స్త్రీ పడి ఉంది. గారడ్ టోపీ తీశాడు. కానీ టోపీ తీసినంత మాత్రాన మనిషి చచ్చినట్టా? అతనికి అలా అనిపించింది, అంతే. ఆడదాని విషయంలో గారడ్‌కి ఏది అనిపిస్తే అదే నిజం. డిసెంబరు కథని హెస్టర్ సరిగ్గా ఆ బొమ్మ దగ్గరికే తీసుకొచ్చింది. మేడమ్ పడింది, గారడ్ టోపీ తీశాడు, పోలీసుల్ని పిలవడానికి ఒడ్డుకి వెళ్లాడు. తర్వాత రెండు పేజీలు రాసింది. ఆ రెండు పేజీల్లో మేడమ్ కళ్లు తెరుస్తుంది. విరిగిన చేతిని తన శాలువాతో తానే కట్టుకుంటుంది. పడవ తాడు విప్పుకుంటుంది. గారడ్ వచ్చేసరికి మెట్ల కింద ఎవరూ ఉండరు. ఆ రెండు పేజీలు రాస్తున్నప్పుడు మేడమీద కర్ర మూడుసార్లు మోగింది, హెస్టర్ లేవలేదు. పదకొండేళ్ల కాపురంలో కర్ర మోగినా లేవకపోవడం అదే మొదలు. ఆంబ్రోస్ చదవకుండానే కవరు అంటించాడు. చదవడం మానేసి చాలా రోజులైంది.

నవంబరు ఆఖర్న సంచిక వచ్చింది. హెస్టర్ గుమ్మంలోనే నిలబడి చివరి పేజీ తిప్పింది. ఆమె రాసిన రెండు పేజీలూ లేవు. వాటి బదులు మూడు వాక్యాలున్నాయి. 'ఆమె మళ్లీ లేవలేదు. దుర్మార్గానికి చివరికి ఇదే గతి. గారడ్ నిట్టూర్చి, టోపీ పెట్టుకుని, తెల్లవారుతున్న సముద్రం వైపు నడిచాడు.'

"అవి నావి," అన్నాడు ఆంబ్రోస్ సాయంత్రం, ముందుగదిలో చలిమంట దగ్గర కాళ్లు చాపుకుని. గొంతులో సిగ్గుతో కూడిన ఆనందం ఉంది, మొదటిసారి తండ్రి అయినవాడికి ఉన్నట్టు. "టెట్లో కంపెనీకి కబురు పంపితే వెళ్లాను. 'ఇదేంటయ్యా, లేచిపోతోందేంటి?' అన్నాడు. అక్కడే ఆయన బల్ల దగ్గర కూర్చుని గీకేశాను. ఆయన ఎదురుగుండానే! నాలుగేళ్లయింది కదా కలం పట్టి, అయినా చూడు, ఎలా పడ్డాయో. చివరికి కథకి ప్రాణం ఆ మూడు వాక్యాలే అన్నాడు." జేబులోంచి మడత పెట్టిన రెండు కాగితాలు తీసి బల్లమీద పడేశాడు. "నీవి ఇవిగో. పొయ్యి అంటించడానికి పనికొస్తాయి."

"నన్ను ఒక్క మాట అడగలేదు," అంది హెస్టర్.

"దేనికి? ఆవిడేమన్నా మన చుట్టమా?"

అత్తగారు కొడుకు మూడు వాక్యాలూ పైకి చదివించుకుని రెండుసార్లు విన్నారు. 'పీడ విరగడైంది. అలాంటి ఆడదాన్ని ఇంట్లో పెట్టుకున్నట్టే ఉండేది ఇన్నాళ్లూ' అన్నారు.

మర్నాడు హెస్టర్ పొద్దున పనులు ముగించి, టోపీ పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా గుర్రాల ఓమ్నిబస్సు ఎక్కి స్ట్రాండ్‌లో ఉన్న పత్రిక ఆఫీసుకి వెళ్లింది. ఏం అడగాలని వెళ్లిందో ఆమెకి స్పష్టంగా తెలుసు. మేడమ్‌ని బతికించమని అడగాలి. అది అడగాలంటే ముందు ఆ మేడమ్‌ని కన్నది ఎవరో చెప్పాలి.

టెట్లో దొడ్డ మనసున్న లావుపాటి మనిషి, బుగ్గలో ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్ల ఉంటుంది. ఆయన గదిలో మేడమ్ బొమ్మలు పన్నెండూ అద్దాలు కట్టించి గోడకి వేలాడదీశారు. హెస్టర్ చెప్పింది మొదటినుంచి చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. ఆయనకి నవ్వు రాలేదు, కోపం రాలేదు. అది చూసి హెస్టర్‌కి ఆశ పుట్టింది.

"మా ఆవిడకి కూడా ఇలాంటిదే వచ్చింది ఒకసారి," అన్నాడు. "పత్రిక మొత్తం తనే నడుపుతున్నానని రెండు నెలలు నమ్మింది. సముద్రపు గాలికి తగ్గింది. ఏమీ అనుకోకండి మిసెస్ విట్‌లాక్. ఇదిగో కలం. మీరు రాస్తారంటున్నారు కదా, రాయండి. మేడమ్ పోయాక గారడ్ ఏం చేస్తాడు?"

హెస్టర్ చేతి తొడుగులు తీసి పక్కన పెట్టి రాసింది. ఆగలేదు. మేడమ్ పోయాక ఒక పొద్దున గారడ్ నిద్ర లేస్తాడు. వెంటాడటానికి ఎవరూ లేరు. గది మధ్యన నిలబడి, తన కాలరు ఎక్కడుంటుందో తనకి తెలియదని మొదటిసారి గమనిస్తాడు. అర పేజీ అయ్యేసరికి టెట్లో చెయ్యి చాపాడు. హెస్టర్ ఆయన ముఖమే చూస్తూ కూర్చుంది. కాలరు దగ్గర ఆయన నవ్వుతాడని ఎదురుచూసింది.

ఆయన సొరుగులోంచి భూతద్దం తీశాడు. తర్వాత డిసెంబరు రాతప్రతి తీశాడు. ఆంబ్రోస్ ఆ బల్లమీద రాసిన మూడు వాక్యాల కాగితం తీశాడు. మూడూ వరసగా పెట్టి వాలు చూశాడు, తోకలు చూశాడు. హెస్టర్‌కి అప్పుడు అర్థమైంది, ఆయన ఒక్క మాట కూడా చదవడం లేదని.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"నాలుగేళ్ల నుంచి. చెప్పాను కదా, నేనే..."

"మీవారి చేతిరాత ఎన్నాళ్ల నుంచి దొంగిలిస్తున్నారని అడుగుతున్నాను. ఈ మూడు వాక్యాలు ఆయన నా కళ్లముందు రాశాడు. ఇది ఆయన రాత, సందేహం లేదు. మీరు దాన్ని పొల్లుపోకుండా దించేశారు. ఇంత బాగా దించడానికి ఎంత సాధన చేసి ఉంటారు! పదహారేళ్లుగా నేరకథలు వేస్తున్నానమ్మా, మోసం నా కళ్లు దాటిపోదు."

"మాటలు చదవండి," అంది హెస్టర్. "రాత కాదు. మాటలు చదవండి ఒక్కసారి."

"మీవారి కథలు పన్నెండు నెలలు ఎత్తి రాసినవాళ్లకి మాటలు పట్టుబడవా? సరే, మీ సొంత రాతలో రాసి చూపించండి. మీ పేరే రాయండి చాలు."

హెస్టర్ కలం ముంచింది. చిన్నప్పుడు బడిలో ఆమె రాత గుండ్రంగా ఉండేది, టీచరు అందరికీ చూపించేది. ఆ గుండ్రదనం కళ్లకి కనిపిస్తోంది గానీ చేతికి అందలేదు. ఒకసారి రాసింది, పక్కకి వాలింది. రెండోసారి గట్టిగా నిటారుగా పెట్టబోయింది, సిరా చింది మరకైంది. మూడోసారి కూడా ఇంటిపేరు చివరి అక్షరానికి ఆంబ్రోస్ తోక వచ్చి కూర్చుంది. ఆమె పేరే, ఆమె చెయ్యే, రాసింది మాత్రం అతను. నాలుగేళ్లలో కథలూ పేరూ పోయాయని ఆమెకి తెలుసు. ఇది కూడా పోయిందని ఆ నిమిషం దాకా తెలియదు. బతికున్న మనిషి అనడానికి ఇంకేం మిగిలిందో ఆమెకి తట్టలేదు.

టెట్లో కంగారుపడి మంచినీళ్లు తెప్పించాడు. తర్వాత నెమ్మదిగానే చెప్పాడు. ఇంకొకరి సంతకం దించడం జైలుకి పోయే నేరం, ఆంబ్రోస్ ముఖం చూసి ఊరుకుంటున్నాడు, కానీ పత్రిక పరువు కోసం ఒక కాగితం కావాలి. ఆయన చెప్పాడు, ఆమె రాసింది. భర్త చేతిరాతలో గానీ, దాన్ని పోలిన రాతలో గానీ, అతని పేరుతో గానీ ఇకముందు ఒక్క అక్షరం కూడా రాయనని.

"ఎప్పటికీనా?" అని అడిగింది హెస్టర్.

"ఎప్పటికీ."

సంతకం పెట్టింది. గుమ్మం దాకా సాగనంపుతూ టెట్లో తన హాస్యం తనే మెచ్చుకుంటూ, "మిస్టర్ విట్‌లాక్‌ని టీ తాగేముందు కాస్త జాగ్రత్తగా ఉండమని రాస్తాను," అన్నాడు.

రాశాడు కూడా. ఉత్తరం చదివి ఆంబ్రోస్ ముందు పాలిపోయాడు. టెట్లో ఆమె మాట నమ్మలేదని అర్థమయ్యాక కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "ఎంత పని చేశావు హెస్టర్! పోనీలే, మంచికే జరిగింది. ఇంక ఎవరూ అనుమానించరు. శుక్రవారానికి గారడ్ కొత్త కథ ఇవ్వాలి, మొదలుపెట్టు."

"ఇంక రాయనని సంతకం పెట్టాను."

"ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

అరిచాడు, బతిమాలాడు, రెండు రోజులు మాట మానేశాడు. అత్తగారికి ఉత్తరంలో ఉన్నదాంట్లో సగమే చెప్పాడు, కోడలు సంతకాలు దించుతోందనీ, టీ తాగేముందు జాగ్రత్త అనీ ఉన్న సగం. ఆ రోజునుంచి ఆవిడ టీ కప్పు తీసుకుని, 'ముందు నువ్వు ఒక గుక్క తాగు అమ్మాయ్' అనడం మొదలుపెట్టారు. ఆంబ్రోస్ పైకి అనలేదు గానీ సూప్ వాసన చూసి నోట్లో పెట్టుకునేవాడు. హెస్టర్ ఒక గుక్క తాగి ఇచ్చేది. ఒకప్పుడైతే మేడమ్‌కి ఇది ఎంత నవ్వు తెప్పించేదో. హెస్టర్ తొట్టి దగ్గర నిలబడి, ఆ గొంతు ఏమన్నా అంటుందేమోనని చెవి ఒగ్గి వినేది. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక సోమవారం బట్టలు ఉడకేస్తూ ఆ రెండు పేజీలూ మంటలో పెట్టింది. పెట్టేటప్పుడైనా ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. బొగ్గు చాలలేదని మాత్రం అనిపించింది.

గారడ్ కొత్త కథ ఆంబ్రోసే రాశాడు. అందులో మందు పేర్లు పదకొండు ఉన్నాయి. టెట్లో దాన్ని తిప్పి పంపాడు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పత్రికకి వచ్చిన ఉత్తరాలు రెండు గోనెసంచులకి నిండాయి. మిల్లుల నుంచి, ఆస్పత్రుల నుంచి, గొప్పిళ్ల వంటగదుల నుంచి ఆడవాళ్లు రాశారు. ఫాదరీల భార్యలు కూడా రాశారు. మార్చి మొదట్లో ఆంబ్రోస్ కంపెనీ నుంచి పెందలాడే, టోపీ అయినా తీయకుండా వంటింట్లోకి వచ్చేశాడు.

"హెస్టర్, ఆవిడ కావాలిట. టెట్లో దిగొచ్చాడు. పడింది గానీ చావలేదని రాయమంటున్నాడు, గారడ్ అటు వెళ్లగానే లేచి పడవెక్కిందని. అచ్చం నువ్వు రాసిందే! ఆ రెండు కాగితాలు ఏవి?"

"కాల్చేశాను."

"పోనీ, నీకు నోటికి వచ్చు కదా. రాయొద్దులే, చెప్పు చాలు, నేను రాసుకుంటాను. నీ ఒట్టూ పోదు." కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆ వంటింట్లో అతను కూర్చోవడం, అక్షరాలు దిద్దించిన చలికాలం తర్వాత అదే మొదటిసారి. కలం, కాగితం బయటికి తీశాడు. "నీకు ఆవిడంటే ప్రాణం అని నాకు తెలియదా? ఇప్పుడు నువ్వు ఒక్క మాటంటే ఆవిడ బతుకుతుంది. చెప్పు. కళ్లు తెరిచింది. తర్వాత?"

హెస్టర్ క్యారెట్లు తరుగుతున్న కత్తి పక్కన పెట్టింది. నిజంగానే ప్రయత్నించింది. లైట్‌హౌసు, ఇనుప మెట్లు, రాతినేల, అన్నీ కనిపించాయి. జుట్టు కూడా కనిపించింది. ఆ పడి ఉన్న మనిషి కళ్లు తెరుస్తుందేమోనని చాలాసేపు చూసింది. ఆంబ్రోస్ కలం పట్టుకుని, బుద్ధిమంతుడైన పిల్లాడిలా ఎదురుచూస్తున్నాడు.

"ఆవిడ చచ్చిపోయిందండీ," అంది హెస్టర్. "మీరే రాశారు."